ఒక్క పొదకి లక్ష డాలర్లా? హమ్మింగ్‌బర్డ్‌కి పైసా అక్కర్లేదుగా!

లెక్కలపుస్తకం:
శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ బ్రిడ్జికి వెళ్లే రోడ్డు పనుల్లో 2009లో ఫ్రాన్సిస్కన్ మాంజనీటా అనే పొద ఒకే ఒక్కటి బయటపడింది. దాన్ని వేళ్లతో సహా క్రేన్‌తో ఎత్తి ఇంకోచోట నాటడానికి లక్ష డాలర్లకు పైగా పోశారట. అదే ఊళ్లో ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ అనే, పూలతేనె తాగే బుల్లి పిట్ట ఎవరి సాయమూ లేకుండా హాయిగా బతుకుతోంది. పైగా ఆ పొద మొక్కలు నర్సరీల్లో దొరుకుతాయి కూడా. ఇంకెందుకీ హడావుడి?

పొదరిల్లు:
"ఎవరి సాయమూ లేకుండా" అన్నచోటే నాకు పేచీ. వందేళ్ల కిందట ఈ పిట్ట గూళ్లు ఎక్కువగా దక్షిణ కాలిఫోర్నియాలో, మెక్సికోలోని బాహా ఉత్తరాన కనిపించేవి. ఇప్పుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా దాకా ఉంది. జనం పెంచిన పూలమొక్కలు, బయటినుంచి తెచ్చిన యూకలిప్టస్‌లు, చక్కెర నీళ్ల ఫీడర్లు, ఇవన్నీ ఎవరు పెట్టారండీ? పొదకి రెక్కల్లేవు కదా, అది పెరిగే సర్పెంటైన్ అనే రకం రాతినేల మీదే ఊరు కట్టేశారు. 1947లో ఆ పొదలున్న లారెల్ హిల్ శ్మశానాన్ని చదును చేశాక ఇక సహజంగా పెరిగేది ఎక్కడా లేదనే అనుకున్నారు.

నర్సరీవి కొమ్మలు నాటి పెంచినవి, అంటే జెరాక్స్ కాపీలు. కొత్త తరం గింజలోంచి రావాలి, మాంజనీటా గింజకేమో మామూలుగా నిప్పో పొగో తగిలితేగానీ మొలక రాదు.

లెక్కలపుస్తకం:
సరే, ఫీడర్ల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ డబ్బుతో కొన్ని ఎకరాల నేల బాగుచేస్తే పది రకాల మొక్కలు బతికేవి కదా.

పిట్టకన్ను:
మధ్యలో దూరుతున్నా. అసలు వీటిని పోటీ పెట్టడమే వింతగా ఉంది. ఆనాస్ డిసెంబరులోనే గూడు మొదలెట్టేస్తుంది, అప్పటికి పూలు తక్కువ. ఆ చలిలోనూ పూసేవాటిలో మాంజనీటాలు ఉన్నాయి, బోర్లించిన బుల్లి కూజాల్లా ఉంటాయి ఆ పూలు. నాలుగైదు గ్రాముల పిట్ట వాటి కింద గాల్లో నిలబడి, ముక్కు పైకెత్తి తాగుతుంది. (మగదైతే ఆడదాన్ని మెప్పించడానికి పైనుంచి దూకి, కిందికొచ్చాక కీచుమని ఒక్క శబ్దం చేస్తుంది, అది గొంతు కాదు, తోక ఈకలు!)

పొదరిల్లు:
ఎకరాల మాట న్యాయమైనదే, కొట్టిపారేయను. కాకపోతే ఒక చెట్టు కొట్టేస్తే పిట్ట పక్క చెట్టుకి పోతుంది. ఈ పొదని 2012లో ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చారు, దానికోసం ఆగితే రోడ్డు పని ఆలోపే అయిపోయుండేది. సహజంగా మిగిలిన ఆ ఒక్కటీ బుల్‌డోజర్ కిందికి పోయాక మీ ఎకరాల్లో దేన్ని నాటుతారు, ఆ జెరాక్స్‌లనేనా?