ప్రధానమంత్రి రాసిన చరిత్ర పుస్తకం, చదవొచ్చా?

మాంబలం అమ్మాయి:
ఆదివారం ట్రిప్లికేన్ ఫుట్‌పాత్ మీద ‘కాపిటలిజం అండ్ స్లేవరీ’ దొరికింది. ఎనభై చెప్పి యాభైకిచ్చాడు. ఎరిక్ విలియమ్స్, ట్రినిడాడ్ (కరీబియన్ సముద్రంలో దీవి దేశం) ప్రధాని అని అట్ట మీద ఉంది. సొంత డబ్బా అయితే ఇప్పుడే మూసేస్తాను. మూడో అధ్యాయం నిండా వ్యాపారం లెక్కలే, కళ్లు మూతలు పడుతున్నాయి.

పాత పోస్టల్ గుమాస్తా:
ముయ్యకమ్మా. అది 1944 నాటి పుస్తకం. అప్పటికాయన వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ మేష్టారు, పదవి తర్వాతి మాట. వాళ్ల నాన్నా నాలాగే పోస్టాఫీసు గుమాస్తా. పన్నెండుమంది పిల్లల్లో ఈయనే పెద్ద. ఇద్దరి ఫీజులకే నాకు పీఎఫ్ లోన్లు సరిపోలేదు, ఆయన ఎలా నెట్టుకొచ్చాడో! కొడుకు స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి 1938లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు.

బ్రిటన్ జాలిపడి బానిసత్వం రద్దు చేసిందని స్కూల్లో చదివాం కదా. జాలి కంటే లాభనష్టాలే గట్టిగా పనిచేశాయంటాడీయన. బానిసలు పండించే కరీబియన్ చక్కెరకి తన మార్కెట్లో ఇచ్చిన గుత్తహక్కు చివరికి బ్రిటన్‌కే గుదిబండ అయిందట. నష్టపరిహారం చూడు: 2 కోట్ల పౌండ్లు, అదీ యజమానులకి. బానిసలకి పైసా లేదు. లండన్‌లో ఒక పబ్లిషర్ ఇది బ్రిటిష్ సంప్రదాయానికే విరుద్ధమని తిప్పికొట్టాడు. అక్కడ అచ్చయ్యేసరికి 1964 అయింది. నిద్రొస్తే నేరుగా పన్నెండో అధ్యాయానికి వెళ్లు, అందులో బానిసలే తిరగబడతారు.

పెరంబూరు:
పుస్తకానికి దండం పెడతాను సార్, మనిషి దగ్గరే నాకు పేచీ. 1955లో కరీబియన్ కమిషన్ (అక్కడి దీవుల వలస పాలకులు పెట్టిన సలహా సంస్థ) ఉద్యోగం పోయాక పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వుడ్‌ఫర్డ్ స్క్వేర్ అనే పార్కులో జనానికి చరిత్ర పాఠాలు చెప్పాడు, బాగుంది. మరుసటేడే పార్టీ పెట్టి గెలిచాడు. 1958లో బ్రిటిష్ కరీబియన్ దీవులు కలిసి ఏర్పడ్డ ఫెడరేషన్ ఎన్నికల్లో దెబ్బ తినగానే భారత సంతతి వాళ్ల మీద నోరు పారేసుకున్నాడు. మన మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్ల మనవలు కూడా వాళ్లలో ఉన్నారు. చరిత్ర తెలిసినవాడు అనాల్సిన మాటా అది?

పాత పోస్టల్ గుమాస్తా:
అనకూడదు బాబూ, ఒప్పుకుంటాను. 1962లో స్వాతంత్ర్యం తెచ్చాక కూడా, 1981లో పోయేదాకా కుర్చీ వదల్లేదు. అదీ నాకు నచ్చదు.

మాంబలం అమ్మాయి:
సరే అంకుల్, పన్నెండు తీస్తున్నాను. అన్నట్టు ఈ పుస్తకం పాత ఓనరెవరో పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ వచ్చారు. మూడో అధ్యాయం మధ్య నుంచి ఒక్క గీతా లేదు!