ఇలియడ్‌లో అడ్రాస్టస్‌లు ఎందరు?

ప్రశ్న: గ్రంథాలయవాసి

ట్రాయ్ యుద్ధం గురించి హోమర్ చెప్పిన గ్రీకు ఇతిహాసం ఇలియడ్‌ను అనువాదంలో మొదటి నుంచి వరుసగా చదువుతున్నాను. 6వ సర్గలో అడ్రాస్టస్ అనే ట్రాయ్ పక్షపు వీరుడు గ్రీకుల సేనాధిపతి అగమెమ్నాన్ చేతిలో చనిపోతాడు. 16వ సర్గకు వచ్చేసరికి గ్రీకు వీరుడు పట్రోక్లస్ హతమార్చినవారిలో మొట్టమొదటి పేరు మళ్ళీ అడ్రాస్టస్! ఇవి చాలవన్నట్టు, 2వ సర్గలోని సేనల వర్ణనలో పెర్కోటె వాసి మెరోప్స్ కుమారుడు అడ్రాస్టస్ ఒకడు, పూర్వం గ్రీకు నగరం సిసియోన్‌ను ఏలిన అడ్రాస్టస్ మరొకడు కనిపిస్తారు. మన పురాణాలలో దుష్యంతుని కుమారుడు, దశరథుని కుమారుడు, జడభరతుడు అని ముగ్గురు భరతులున్నా ఎవరి కథ వారిది కనుక చిక్కు రాదు. ఇక్కడ ఒకే యుద్ధంలో, ఒకే పక్షాన ఇందరు ఉన్నారు. వీరు వేర్వేరు వ్యక్తులేనా, లేక కవి మరచిపోయి చంపినవాణ్ణే మళ్ళీ చంపాడా?

సమాధానం: కావ్యపథికుడు

వేర్వేరు వ్యక్తులే. సిసియోన్ అడ్రాస్టస్‌ను ముందుగా పక్కన పెట్టవచ్చు. గ్రీకు నగరం థీబ్స్‌పైకి ఏడుగురు నాయకులను నడిపించిన ఆర్గోస్ రాజు అతడే. ట్రాయ్ యుద్ధానికి ముందు తరంవాడు. మిగిలిన ముగ్గురూ ట్రాయ్ పక్షంవారు. మెరోప్స్ జోస్యం తెలిసినవాడు కనుక యుద్ధానికి వెళ్ళవద్దని కుమారులిద్దరినీ వారించాడని, వారు వినలేదని 2వ సర్గ చెబుతుంది. 11వ సర్గలో ఆ అన్నదమ్ములు గ్రీకు వీరుడు డయోమెడీస్ చేతిలో మరణించినప్పుడు కవి అవే పంక్తులను తిరిగి చెబుతాడు గాని, పేర్లు మాత్రం పలకడు. డయోమెడీస్ తల్లి ఆర్గోస్ రాజు అడ్రాస్టస్ కుమార్తె. అంటే తాత పేరుగలవాణ్ణే మనుమడు చంపుతున్నాడు, ఆ పేరు మాత్రం అక్కడ వినబడదు.

6వ సర్గలోని అడ్రాస్టస్‌కు తండ్రి పేరు లేదు, ఊరు లేదు, అయినా ముగ్గురిలో మనసులో నిలిచేది అతడే. బెదిరిన గుర్రాలు ఒక పొద కొమ్మకు చిక్కుకుని, రథపు నొగ విరిగి, అతడు చక్రం పక్కన బోర్లా పడతాడు. ఈటెతో వచ్చి నిలిచిన అగమెమ్నాన్ తమ్ముడు మెనెలాస్ మోకాళ్ళు పట్టుకుని, తన తండ్రి ఇంట కంచు, బంగారం, పనితనంగల ఇనుము ఉన్నాయని, ప్రాణాలతో విడిచిపెడితే అవన్నీ ఇస్తాడని వేడుకుంటాడు. మెనెలాస్ మనసు కరిగి అతణ్ణి ఓడల వద్దకు పంపబోతుండగా అగమెమ్నాన్ పరుగున వచ్చి తమ్ముణ్ణి మందలిస్తాడు. మెనెలాస్ అడ్రాస్టస్‌ను చేతితో నెట్టివేస్తే, అగమెమ్నాన్ డొక్కలో పొడిచి, రొమ్ముపై కాలు మోపి ఈటెను లాగుకుంటాడు.

సమాధానం: పాతప్రతి

16వ సర్గ విషయం వేరు. పట్రోక్లస్ చంపినవారిని మూడు పంక్తులలో తొమ్మిది పేర్లుగా చెప్పారు, వారిలో ఒక్కరికే తండ్రి ప్రస్తావన ఉంది. ఆ తొమ్మిదిలో ఎకెక్లస్, మూలియస్ అనే పేర్లున్నాయి; 20వ సర్గలో గ్రీకు వీరుడు అకిలీస్ వరుసగా చంపేవారు కూడా మూలియస్, ఎకెక్లస్‌లే. నా అభిప్రాయంలో ఇవి ఛందస్సుకు ఒదిగే సిద్ధమైన పేర్లు. ఆశువుగా కథ చెప్పే గాయకుడికి వధలు వర్ణించే ప్రతిచోటా డజన్లకొద్దీ పేర్లు కావాలి గదా. కథ చెప్పదలచుకున్నవాడికి తండ్రినో, ఊరినో, కనీసం ఒక చిక్కుకున్న రథాన్నో ఇస్తాడు. తక్కినవారికి పేరుతోనే సరి.

కవి నిజంగా తడబడినట్టు తోచే చోటు మరొకటి ఉంది. 5వ సర్గలో మెనెలాస్ ట్రాయ్ పక్షాన పోరాడే పఫ్లగోనియా నాయకుడు పైలమెనీస్‌ను చంపుతాడు. 13వ సర్గలో గ్రీకు వీరుడు మెరియోనీస్ బాణానికి హార్పాలియన్ కూలినప్పుడు, అతని తండ్రి పైలమెనీస్ కన్నీరు కారుస్తూ శవం వెంట నడుస్తాడు! ఈ రెండవవాడు అదే పేరుగల వేరొకడని వాదించి చిక్కు విడదీయజూసినవారు ప్రాచీన వ్యాఖ్యాతలలోనే ఉన్నారు. నాకు ఆ వాదం రుచించదు. ఇద్దరూ పఫ్లగోనియా నాయకులే అయినప్పుడు, వేరొకడని కవి ఒక్క మాటైనా చెప్పి ఉండేవాడు.

గ్రంథాలయవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ తొమ్మిది పేర్లలో మెలనిప్పస్ కూడా ఉన్నాడు. ఆర్గోస్ అడ్రాస్టస్ కథలో శత్రువుగా వచ్చే మెలనిప్పస్‌తో ఇతనికి సంబంధం ఉందా?

సమాధానం: కావ్యపథికుడు

లేదు, ఆ కథలోని మెలనిప్పస్ థీబ్స్ వీరుడు. ఇలియడ్‌లోనే ట్యూసర్ చంపినవాడు, ఆంటిలోకస్ చంపిన హికెటాన్ కుమారుడు, పట్రోక్లస్ చంపినవాడు, గ్రీకు పక్షంలో ఒకడు, ఇలా మెలనిప్పస్‌లు పలువురు ఉన్నారు.

అయితే థీబ్స్ మెలనిప్పస్‌కు చరిత్రలో ఒక పాత్ర దక్కింది. ఆర్గోస్‌తో వైరమున్న సిసియోన్ నిరంకుశుడు క్లైస్థెనీస్, తన నగరం నడిబొడ్డున ఉన్న అడ్రాస్టస్ గుడిని తొలగించదలచి డెల్ఫీ గుడిలోని దైవవాణిని అడిగితే అనుమతి దొరకలేదని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. అప్పుడు అతడు థీబ్స్ నుంచి మెలనిప్పస్‌ను తెప్పించి ప్రతిష్ఠించాడు. అడ్రాస్టస్ తమ్ముడు మెకిస్టియస్‌ను, అల్లుడు టైడియస్‌ను చంపినవాడు కనుక అంతకు మించిన శత్రువు దొరకడని అతని లెక్క. అడ్రాస్టస్‌కు జరిగే బలులను, ఉత్సవాలను మెలనిప్పస్‌కు, బృందగానాలను మద్యదేవుడు డయోనిసస్‌కు మార్చాడు. అదే హెరోడోటస్ గ్రంథం మొదటి భాగంలో, లిడియా రాజు క్రీసస్ కుమారుణ్ణి వేటలో పొరపాటున చంపిన ఫ్రిజియా అడ్రాస్టస్ ఉన్నాడు. అతణ్ణి ఈ లెక్కలో కలపకండి.