కుండీలో చైనా ఆరెంజ్: కొత్త ఆకులు పసుపు, పిందెలు రాలిపోతున్నాయి

కడియం నర్సరీ నుంచి తెచ్చిన చైనా ఆరెంజ్ (కాలమాండిన్) మొక్క. ఎత్తు రెండున్నర అడుగులు, 14 అంగుళాల కుండీ. ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీ కంపోస్ట్ సమపాళ్లలో కలిపాను. ఉండేది హైదరాబాద్, తూర్పు బాల్కనీలో, ఉదయం ఐదు గంటల ఎండ. పోసేవి బోరు నీళ్లే. కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది.

సంక్రాంతి తర్వాత వచ్చిన చిగుళ్లన్నీ లేత పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. ముదురాకులు బాగానే ఉన్నాయి. పూత విరగబూస్తుంది, పిందె బఠాణీ గింజంత కాగానే తొడిమతో సహా రాలిపోతుంది. ఆకుల అడుగున పురుగూ లేదు, నల్లీ లేదు. వేర్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి, నీరు నిలవదు.

లీటరుకు చెంచా ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) పిచికారీ చేశాను, మార్పు లేదు. వేపనూనె కొట్టాను, అదీ అంతే. సూక్ష్మపోషకాల మందు చల్లితే ఆ ఆకులు పచ్చబడ్డాయి కానీ, తర్వాతి చిగురు మళ్లీ పసుపే. దీన్నిబట్టి ఇనుము లోపమేనని, బోరు నీటి క్షారం వల్ల వేర్లు దాన్ని తీసుకోలేకపోతున్నాయని నా అంచనా. మొక్కలకు వేసే ఇనుము మందుల్లో ఈడీటీఏ ఐరన్ రకం క్షారపు మట్టిలో నిలవదట, ఈడీడీహెచ్ఏ రకం పనిచేస్తుందట. ఇంత చక్కటి మొక్కను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

బోరు నీళ్లతోనే నిమ్మజాతి మొక్కను కుండీలో పెంచుతున్నవారు చెప్పండి: ఈ సైజు కుండీకి ఈడీడీహెచ్ఏ ఐరన్ ఎన్ని గ్రాములు, ఎన్నాళ్లకోసారి వేస్తున్నారు?