గనుల ఊళ్ల ఫాదర్లు, పాస్టర్ల వస్తువులు: అసలువా కావా, ఎలా దాచాలి (చర్చ)

కొండదారి: నెవాడా వర్జీనియా సిటీ నుంచి వచ్చిందని ఒక తోలు పెట్టె అమ్మకానికి పెట్టారు. లోపల వెండిపూత పళ్లెం, చిన్న కూజా, నాలుగు బుల్లి గాజు కప్పులు, ఒక చెంచా. చెంచా వెనక "1847 రోజర్స్ బ్రదర్స్" అని ముద్ర. ఫాదర్ ప్యాట్రిక్ మనోగ్ జబ్బుపడ్డ గని కార్మికుల దగ్గరికి పట్టుకెళ్లిన పెట్టె అంటున్నారు. కాగితాలేమీ లేవు. తీసుకోవచ్చా?

పాతవెండి: కొండదారి గారూ, ఆ పేరు చెప్పి అడిగే ధరకు మాత్రం వద్దు. 1847 అన్నది తయారైన ఏడాది కాదు, బ్రాండు పేరులో భాగం. మెరిడెన్ బ్రిటానియా కంపెనీ ఆ ముద్ర వేయడం 1862లో మొదలైంది, ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది. వర్జీనియా సిటీ పుట్టిందే 1859లో, కామ్‌స్టాక్ వెండి బయటపడ్డాక.

అసలు గుట్టు గాజు కప్పుల్లో ఉంది. ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షారసం మనిషికో కప్పులో ఇచ్చే పద్ధతి అమెరికా ప్రొటెస్టెంట్ చర్చిల్లో 1890లలో మొదలైంది, ఒకే కప్పు నోట పెట్టుకుంటే జబ్బులు అంటుకుంటాయన్న భయంతో. కథోలిక ఫాదర్ రోగి దగ్గరికి తీసుకెళ్లేది అప్పం, అదీ మూత ఉన్న చిన్న డబ్బీలో. పైగా మనోగ్ 1886కే శాక్రమెంటో బిషప్. 1890ల తర్వాతి ప్రొటెస్టెంట్ పాస్టర్ పెట్టెగా లెక్కగట్టి బేరమాడండి. అలా చూసినా మంచి వస్తువే.

అటక: ఇంకో పరీక్ష, అగ్నిప్రమాదాలు. వర్జీనియా సిటీ 1875 అక్టోబరు 26న, దక్షిణ డకోటా గనుల ఊరు డెడ్‌వుడ్ 1879 సెప్టెంబరు 26న తగలబడ్డాయి. అంతకు ముందటి వస్తువంటే మంటల్లోంచి ఎలా బయటపడిందో అమ్మేవాళ్లను అడగాలి. డెడ్‌వుడ్ మెథడిస్ట్ ప్రచారకుడు హెన్రీ వెస్టన్ స్మిత్ పేరుతో వచ్చేవాటిని మరీ అనుమానించాలి. ఆయన 1876లో అక్కడికి వచ్చి, అదే ఏడాది ఆగస్టు 20న క్రూక్ సిటీకి నడిచి వెళ్తూ దారిలో హతమయ్యారు. ఆ కొద్ది నెలల్లో ఆయన దగ్గర ఎన్ని వస్తువులు ఉండి ఉంటాయి?

బైబిల్ అయితే పాత, కొత్త నిబంధనల మధ్య ఉండే పుట్టుకలు, పెళ్లిళ్ల పేజీలు చూడండి. ముప్పై ఏళ్ల వివరాలు ఒకే సిరాతో, ఒకే దస్తూరీలో ఉంటే అవి ఒక్కసారే కూర్చుని ఎక్కించినవి. తప్పనలేం, కానీ పేర్లు సరిచూసుకోవాలి. 1880 జనాభా లెక్కల్లో వృత్తి కూడా రాశారు. 1890 లెక్కలు 1921 మంటల తర్వాత దాదాపు ఏమీ మిగల్లేదు, ఆ దశాబ్దానికి ఊరి పత్రికలే దిక్కు.

గనిదీపం: రోజువారీ సామానుకు నేను చూసే గుర్తులు ఇవి. సీసా అతుకు గీత మూతి అంచు దాకా పాకితే, సాధారణంగా 1903లో ఓవెన్స్ యంత్రం వచ్చాక చేసినది. పింగాణీ మీద "ఇంగ్లాండ్" అని ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది, ఆ ఏడాది నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరి. డబ్బా మూత మధ్యలో టంకం చుక్క ఉంటే పాత రకం. గోడకు గుచ్చే ఇనప కొవ్వొత్తి స్టాండులో నకిలీలు ఎక్కువ. కొక్కెం మొదట్లో వెల్డింగ్ పూస కనిపిస్తే వదిలేయండి, పాతది కొలిమిలో సాగగొట్టి చేసినది. తుప్పు అన్నివైపులా ఒకే రంగులో ఉన్నా అనుమానమే.

సరిహద్దు: కొనేముందు ఎక్కడ దొరికిందో అడగండి. అమెరికా ఫెడరల్ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువును అనుమతి లేకుండా తవ్వి తీయడం, అమ్మడం, కొనడం 1979 చట్టం ప్రకారం నేరం. కాలిఫోర్నియాలో పాడుబడ్డ గనుల ఊరు బోడీ ఇప్పుడు స్టేట్ పార్కు, అక్కడ తుప్పు మేకు కూడా తీయకూడదు. ప్రైవేటు స్థలమైతే యజమాని రాతపూర్వక అనుమతి దగ్గర ఉంచుకోండి. పునీతుల అవశేషాలు ఉన్న డబ్బీ కనబడితే బేరం పెట్టకండి, వాటి అమ్మకాన్ని కథోలిక చర్చి చట్టమే నిషేధించింది. డయోసిస్‌కు, అంటే ఆ ప్రాంతపు బిషప్ కార్యాలయానికి, కబురు చేయండి.

అటక: దాచడం గురించి. తోలు బైండింగ్ ఎర్రపొడిలా రాలుతుంటే నూనె, పాలిష్ రాయొద్దు, మరక కాగితంలోకి దిగుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టండి. ఉన్ని కోటుకు పురుగు పడితే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల్లో వారం ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు ఆగి సంచి విప్పండి, లేకపోతే చెమ్మ పట్టేస్తుంది. పూజవస్త్రాల పట్టు అయితే అసలు మడత పెట్టొద్దు. బరువు కోసం లోహ లవణాలు ఎక్కించిన పట్టు మడత దగ్గరే చీలికలవుతుంది.

పాతవెండి: వెండిపూతను ముంచి తీసే ద్రావణంలో పెట్టకండి. పూత పలచబడి కింది లోహం బయటపడుతుంది, మళ్లీ పూత వేయిస్తే ముద్ర అరిగి విలువ పోతుంది. మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. ఆ పెట్టె లోపలి బట్ట మీది గుంటల్లో కప్పులు సరిగ్గా కూర్చుంటున్నాయో కూడా చూడండి. చెంచాకు గుంట లేకపోతే అది తర్వాత చేర్చినది.