సైకిల్ వెనక చక్రానికి స్పోకుల పొడవు తేలట్లేదు, ఏ సైజు కొనాలి?

చక్రాలు సొంతంగా కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చూసి చెప్పండి. 700సీ సైజు వెనక చక్రం, 32 రంధ్రాలు, మూడు క్రాసులు (ఒక్కో స్పోకు అదే పక్కనున్న మూడు స్పోకుల్ని దాటుతుంది). హబ్బు ఫ్లాంజ్ (స్పోకులు తగిలించే అంచు) మీద రంధ్రాల వలయం వ్యాసం రెండు పక్కలా 45 మి.మీ., హబ్బు మధ్య నుంచి ఎడమ ఫ్లాంజ్ 35, కుడిది, అంటే గేర్ల పక్కది 20. వెర్నియర్‌తో కొలిచినవే, వీటి మీద నాకు అనుమానం లేదు.

పేచీ అంతా రిమ్ము దగ్గరే. స్టిక్కర్ మీద ఈఆర్‌డీ (ఎదురెదురు స్పోకుల కొనల మధ్య లెక్కేసే రిమ్ము వ్యాసం) 597 అని ఉంది, కానీ రెండు పాత స్పోకులు కోసి, ఎదురెదురు రంధ్రాల్లో నిపుల్స్ (స్పోకు కొనకి రిమ్ము దగ్గర బిగించే మర నట్లు) పెట్టి, స్పోకు కొన స్క్రూడ్రైవర్ గాడి అడుక్కి వచ్చేలా బిగించి కొలిస్తే 600 వస్తోంది, వేరే రంధ్రాల జతల్లో చూసినా అంతే. 597 వేస్తే స్పోకు పొడవు ఎడమ 291.4, కుడి 290. 600 వేస్తే 292.9, 291.5.

షాపులో సరి సంఖ్యల సైజులే ఉన్నాయి. పైగా "పాత స్పోకు తే, పక్కన పెట్టి చూసి ఇస్తా" అంటాడు, ఈ హబ్బూ ఈ రిమ్మూ ఇంతకుముందు కలిసి ఉంటే కదా!

నేనైతే నా కొలతనే నమ్మి రెండు పక్కలా 292 కొందామనుకుంటున్నా. నిపుల్స్ 12 మి.మీ. ఇత్తడివి, స్పోకులు మధ్యలో 1.8కి సన్నబడేవి, టెన్షన్ ఎక్కాక కొద్దిగా సాగుతాయి. ఎడమవైపు దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువైతే నిపుల్ మెడ దగ్గర విరిగే ప్రమాదం ఉందా, లేక అక్కడ 294 వేస్తే మర అయిపోయి నిపుల్ బిగుసుకుపోతుందా? స్టిక్కర్ మీది కొలత కంపెనీలు ఎక్కడి దాకా తీస్తాయో తెలిస్తే అదీ చెప్పండి.