మాయం చేసే టెక్నాలజీ చేతికొస్తే బెంగళూరులో దేన్ని మాయం చేస్తారు?

వైట్‌ఫీల్డ్ వాసు: అందరూ మనిషి మాయమవడం గురించే ఊహిస్తారు, నాకైతే ముందు మాయం కావాల్సింది నీళ్ల ట్యాంకరు. ఔటర్ రింగ్ రోడ్డులో బైక్ మీద దాని వెనక పడితే ముందు గుంత ఉందో, ఎవరైనా రోడ్డు దాటుతున్నారో ఏమీ తెలియదు. 2015లో అర్జెంటీనాలో శామ్‌సంగ్ వాళ్లు లారీ ముందు కెమెరా పెట్టి, వెనక తలుపుల మీద స్క్రీన్లు బిగించి, ముందున్న రోడ్డంతా వెనకవాళ్లకు చూపించారు. మన ట్యాంకరు వెనక గుండ్రంగా ఉంటుంది, ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి. దీనికి డిజైన్ ఎలా చేయొచ్చు?

హోసూరు రోడ్డు శ్రీను: నేను క్యాబ్ నడుపుతాను అన్నా. ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌ని మాయం చేయండి చాలు. మలుపు తిరిగేటప్పుడు స్కూటరుకి స్కూటరే దాని వెనక కనబడకుండా పోతుంది, వంగి వంగి చూసి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. స్క్రీన్ పెడితే రాత్రి ఆ వెలుగు కళ్లలో కొడుతుందేమోనని టెన్షన్.

ఆప్టిక్స్ అనూష: శ్రీను గారూ, జపాన్‌లో సుసుము తాచి గారి బృందం 2012లో ఒక ప్రియస్ కారు వెనక సీటుకి ఇలాంటిదే చేసింది. ట్రాఫిక్ పోలీసుల జాకెట్ మీద రాత్రి మెరిసే పట్టీ లాంటి పదార్థం సీటుకి వేసి, వెనక కెమెరా దృశ్యాన్ని దాని మీద ప్రొజెక్ట్ చేశారు. అది వెలుగుని వచ్చిన వైపే తిప్పి పంపుతుంది కాబట్టి తక్కువ వెలుగు సరిపోతుంది, కానీ డ్రైవర్ తల ఉన్న చోటు నుంచే సరిగ్గా కనిపిస్తుంది. కాంతినే చుట్టూ తిప్పి పంపే అసలు మాయ మాత్రం ఇంకా దూరం. 2006లో డ్యూక్ యూనివర్సిటీలో చిన్న రాగి సిలిండర్‌ని మైక్రోవేవ్‌ల నుంచి దాచారు, వాటి తరంగాలు సెంటీమీటర్లలో ఉంటాయి. మన కంటికి కనబడే కాంతి 400 నుంచి 700 నానోమీటర్లే, పదార్థంలోని అల్లిక అంతకంటే సన్నగా ఉండాలి. ట్యాంకరంత సైజులో అది ఇప్పట్లో కాదు.

బాల్కనీ లక్ష్మి: త్రీడీ ఫోటోలకు వాడే గీతల ప్లాస్టిక్ షీటు తెచ్చి బాల్కనీలో డ్రైనేజీ పైపు ముందు పెట్టాను. గీతలు నిలువుగా ఉంటే నిలువు పైపు పక్కలకు చెదిరిపోయి దాదాపు కనబడదు, వెనక గోడ రంగు ఒకటే ఉండాలి. షీటుని పైపుకి ఆనించామంటే మళ్లీ కనబడిపోతుంది, కాస్త ఎడం ఇవ్వాలి. అడ్డంగా పరిచిన బట్టల స్టాండుకి మాత్రం పనిచేయలేదు, దానికి షీటు తిప్పి పెట్టాలి.

మారతహళ్లి సౌమ్య: నైట్ షిఫ్ట్ అయ్యాక పీజీకి నడిచేటప్పుడు ఎవరికీ కనబడకపోతే బాగుండునని చాలాసార్లు అనిపించింది. కానీ కనబడని మనిషిని బండి గుద్దేస్తుంది, పడిపోయినా ఎవరూ చూడరు. అందుకే నేను చాటునే మాయం చేయమంటాను. మెట్రో పనుల దగ్గర కొట్టిన రేకులు మలుపులో అవతల ఎవరున్నారో తెలియనివ్వవు. కనీసం మూల రేకు ఒక్కటి పారదర్శకంగా పెట్టినా ఆ దారిలో ధైర్యంగా నడుస్తాను, దీనికి కొత్త టెక్నాలజీ కూడా అక్కర్లేదు.

వైట్‌ఫీల్డ్ వాసు: సౌమ్య గారూ, ఆ మూల రేకు విషయం అర్జీ రాద్దాం, నేనూ సంతకం పెడతాను. శ్రీను అన్నా, ఆదివారం ఎస్పీ రోడ్డులో చిన్న కెమెరా, ఫోన్ సైజు స్క్రీన్ కొంటాను, పార్కింగ్‌లో మీ పిల్లర్‌కి కట్టి చూద్దాం. చీకటి పడ్డాకే పెట్టుకుందాం, వెలుగు ఎంతవరకు తగ్గించాలో సీట్లో కూర్చుని మీరే చెప్పాలి.