గాటెన్ అని రాస్తే తప్పా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

గుంటూరు బ్రాడీపేటలో ఉంటామండి, మా పాప ఎనిమిదో క్లాసు, మొన్న ఇంగ్లీష్ పరీక్షలో "హ్యాజ్ గాటెన్" అని రాస్తే వాళ్ల మేడమ్ ఎర్ర పెన్నుతో చివరి "టెన్" ముక్క మాత్రం కొట్టేసి అర మార్కు తీసేసింది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు నవ్వి, ఇక్కడ అందరూ అదే అంటారక్కా, "ఐ హావ్ గాట్" అంటే నా దగ్గరుంది అని, "గాటెన్" అంటే తెచ్చుకున్నా, దొరికింది అని, రెండూ వేరు అన్నాడు. బ్రిటిష్ వాళ్లు రెండిటికీ గాట్‌తోనే సరిపెట్టేస్తారంట కదా. ఇంకోటి, పాప "నేర్చుకున్న" అనడానికి లెర్న్‌ట్, లెర్న్‌డ్ రెండూ ఒకే పేరాలో రాసేసింది, దానికి మాత్రం మార్కు పోలేదు, ఇదేం లెక్కో! మన స్కూళ్లలో ఏది రాయించాలి? టీచర్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, సోమవారం వెళ్లి మేడమ్‌ని అడుగుదామనుకుంటున్నా.